వంద దగ్గర ఆగిన వాన

టప్.

పైకప్పు మూల నుంచి చుక్క. కింద ఇనుప బకెట్. ఖాళీ బకెట్లో పడే చుక్కకు గొంతెక్కువ... గది నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తుంది.

టప్. టప్. టప్.

మూడు రోజులుగా ఇదే వింటున్నాను. మూడు రోజులుగా వాన. ఊరి మీద ఆకాశం లేదు, వాన ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి కూడా లైట్లు వేసుకుని పని చేస్తున్నాం. కిటికీ అద్దం మీద జారే నీళ్ళు ఎదుటి భవనాన్ని చెరిపేశాయి. వాతావరణ కార్యాలయానికే కప్పు కారుతోందని బయట తెలిస్తే జనం కడుపుబ్బ నవ్వుతారు. నవ్వే ఓపిక ఎవరికైనా మిగిలి ఉంటే.

నా బల్ల మీద పటం. పటంలో సముద్రం. సముద్రం అంచున, మా ఊరి పక్కనే, ఒక ఎర్ర పెన్సిలు చుక్క.

తుఫాను అక్కడుంది.

మూడు గంటలకొకసారి దాని చోటు చూసి చుక్క పెట్టడం నా పని. ముప్పయ్యేళ్ళుగా ఇదే పని. చుక్కలు వరసగా నడవాలి. ఇన్నేళ్ళూ నడిచాయి కూడా. ప్రతి తుఫానూ వచ్చింది, కొట్టింది, తన దారిన పోయింది. వెనకాల మేం చెట్లు తీయించుకున్నాం, కరెంటు స్తంభాలు నిలబెట్టుకున్నాం.

ఇది పోవడం లేదు.

మొన్న మధ్యాహ్నం నుంచి చుక్క మీదే చుక్క. చుక్క మీదే చుక్క. ఈ పొద్దున ఆరింటికి పెన్సిలు ములుకు కాగితాన్ని దాటి బల్లలో దిగింది. పటం మీద తుఫాను ఉన్న చోట ఇప్పుడొక చిల్లు ఉంది.

అటు నుంచి ఒక గాలి తోస్తోంది. ఇటు నుంచి ఇంకో గాలి తోస్తోంది. రెండూ సమఉజ్జీలు. మధ్యలో ఇది... వెళ్ళొస్తానని లేచి, గుమ్మంలో నిలబడి, మళ్ళీ కబుర్లు మొదలుపెట్టిన చుట్టంలా ఉంది.

పన్నెండు గంటల్లో కదులుతుంది — అని మొన్న రాశాను. నిన్న రాశాను. ఇవాళా రాశాను. రాసి రాసి నాకు సిగ్గు పోయింది.

గాలి ఎప్పుడో తగ్గింది. ఇప్పుడు భయమంతా నీళ్ళతోనే.

ఊరికి ఎగువన కొండలున్నాయి. కొండల్లో కురిసింది నదిలోకి దిగుతుంది. ఆ నీళ్ళు ఊరిని చేరడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటలే మా చేతిలో ఉన్నవి.

నదికి ఇటువైపు కరకట్ట. కరకట్ట కింద ఒక వీధి. పల్లంలో ఉన్న వీధి.

ఆ వీధిలో మా అక్క ఉంటుంది.

*

అక్క బట్టలు కుడుతుంది. ముందు గదిలో కాలితో తొక్కే కుట్టుమిషను, వెనక గదిలో మంచం, మధ్యలో తెర. అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు, అక్కకు పందొమ్మిది. ఆ మిషను తొక్కే నన్ను చదివించింది. యాభయ్యొకటి దాటిన నన్ను ఇప్పటికీ "పిల్లా" అంటుంది. బావ పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. కుడి మోకాలు వంగదు. ఎడమ కాలితోనే తొక్కుతుంది.

నా ఉద్యోగం మీద ఆవిడకు ఏ కోశానా గౌరవం లేదు. మీరు వాన పడుతుందంటే బట్టలు ఆరేసుకోవచ్చే, అంటుంది. ఎండ కాస్తుందని మీరు రాసిన రోజున వీధంతా గొడుగులు వేసుకుని తిరుగుతారే, అంటుంది. వచ్చినవాళ్ళ ముందు కూడా అంటుంది.

కానీ ఆ వీధిలో ఒక అలవాటు ఉంది. పదిహేనేళ్ళ కిందట ఒకసారి నీళ్ళొచ్చాయి. రాబోతున్నాయని ముందురోజే అక్కకు చెప్పాను. అక్క మాట్లాడకుండా మిషను తలకాయ — ఆ బరువైన ఇనుప భాగం — విప్పి, ఎత్తు బల్ల మీదికి ఎక్కించి, సంచి సర్దుకుంది. ఎదురింటివాళ్ళు చూశారు. వాళ్ళూ సర్దుకున్నారు. వాళ్ళను చూసి పక్కవాళ్ళు. సాయంత్రానికి వీధి ఖాళీ. తెల్లారేసరికి నడుంలోతు నీళ్ళు. ఒక్క మనిషికీ ఏమీ కాలేదు.

అప్పటినుంచి ఆ వీధి రేడియో వినదు. మా ప్రకటనలు చదవదు. మబ్బు పడితే అక్క గుమ్మంలోకి తొంగి చూస్తుంది.

మిషను ఎక్కించిందా?

ఎక్కించలేదు.

అయితే పర్వాలేదు.

నలభై ఇళ్ళు. నలభై ఇళ్ళూ మా అక్క మిషను మీద ఆధారపడి పడుకుంటాయి. మా అక్క నా మాట మీద.

*

కొండల్లో ఎంత కురుస్తోందో చెప్పడానికి ఇప్పుడు మాకు ఒక్కడే దిక్కు. రాడారు మొన్నటి గాలికి మూగబోయింది. ఉపగ్రహం మబ్బుల నెత్తి చూపిస్తుంది, కింద ఎంత పడిందో చెప్పదు.

ఎగువన ఒక పంపుహౌసు ఉంది. అక్కడ మోటార్లు చూసుకునే మనిషిని మేమంతా గడియారం అంటాం. మొహం మీద కూడా అదే అంటాం, ఆయన నవ్వుతాడు. పంపుహౌసు వెనక గట్టు మీద వాన కొలిచే డబ్బా పెట్టాం. పైన గరాటు, లోపల గీతలున్న గాజు సీసా, దాని చుట్టూ రేకు డబ్బా. రోజూ పొద్దున్నే సీసాలో నీళ్ళు చూసి, అంకె చెప్పి, పారబోస్తాడు. పదకొండేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. కూతురి పెళ్ళి రోజున కూడా అంకె చెప్పాకే తలకు నీళ్ళు పోసుకున్నాడు.

నిన్న సాయంత్రం నుంచి మూడు గంటలకొకసారి చెప్పమన్నాను. ప్రతిసారీ కొలిచి, పారబోసి చెబుతున్నాడు. అర్ధరాత్రి ముప్పై ఒకటి. మూడింటికి యాభై ఎనిమిది. ఆరింటికి ఎనభై మూడు.

పెరుగుతోంది. నా కళ్ళ ముందే మెట్టు మెట్టుగా పెరుగుతోంది.

మా దగ్గర ఒక పట్టిక ఉంది. మూడు గంటల వాన నూట ఇరవై మిల్లీమీటర్లు దాటితే నది కరకట్ట దాటుతుంది. వంద దగ్గర ఆగితే — కట్ట అంచుకు జానెడు మిగులుతుంది. జానెడు చాలు.

ఆరింటికే అక్క ఫోన్ చేసింది.

"ఏమే పిల్లా, ఎక్కించమంటావా?"

తొమ్మిది దాకా ఆగమన్నాను. ఎనభై మూడు తర్వాత ఏమొస్తుందో చూసి చెబుతానన్నాను. సరేనంది.

తొమ్మిదింటికి గడియారం.

"వంద అమ్మా."

వంద. పెరిగింది, కానీ దాటలేదు. పన్నెండు వరకు చూద్దామని అక్కకు చెప్పాను. జనాన్ని ఖాళీ చేయించే బాధ్యత చూస్తున్న పెద్దసారు వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన చేతిలో పది బస్సులున్నాయి. పదే ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఉన్న గుడిసెలకు పంపాలా, కరకట్ట కింది వీధికి పంపాలా? చెప్పండి, అన్నాడు. నేను చెప్పిందే చేస్తానన్నాడు. పెద్దసారు మంచివాడు. నా మాట నమ్మడమే ఆయన చేసిన పొరపాటు.

మూలన బకెట్ నిండుతోంది. చుక్క గొంతు మారింది... టప్ కాదు, తుప్. తుప్. తుప్.

పన్నెండింటికి మళ్ళీ గడియారం.

"వంద అమ్మా."

మళ్ళీ వంద.

ఎక్కడం ఆగింది. ముప్పై ఒకటి, యాభై ఎనిమిది, ఎనభై మూడు, వంద — వంద. మెట్లు అయిపోయాయి, మేడ వచ్చింది. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాను. ఎగువన వర్షం స్థిరంగా ఉంది, కరకట్టకు ప్రమాదం లేదు — అని రాశాను. అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి.

బస్సులు సముద్రం ఒడ్డుకు వెళ్ళాయి. నది మీది వంతెన దాటి.

అక్కకు ఫోన్ చేశాను. ఎక్కించొద్దన్నాను.

"నిజమేనా?"

"నిజమే అక్కా. జానెడు మిగులుతుంది."

"పోనీలే. ఈ మోకాలితో ఆ ఇనుప ముద్ద ఎత్తడం నా వల్ల కాదనుకుంటున్నా." పక్కకు తిరిగి ఎవరికో గట్టిగా చెప్పింది. "పర్వాలేదంట. ఇళ్ళకు పొండి."

అవతల మిషను మొదలైంది. టకటకటకటక... ఆ చప్పుడు వింటూ పెరిగినదాన్ని. ఆ చప్పుడు ఉంటే ఇల్లు బాగున్నట్టు.

*

మూడింటికి గడియారం.

"వంద అమ్మా."

రాసుకున్నాను. వంద పక్కన వంద పక్కన వంద. మూడు ఒకేలాంటి అంకెలు వరసగా ఉంటే కాగితం ఎంత ప్రశాంతంగా ఉంటుంది.

అప్పుడే మా ఆఫీసు ఊడ్చే పెద్దమ్మ లోపలికొచ్చింది. మూల వైపు చూసి, బొడ్డులో దోపిన కొంగు తీసి నుదురు తుడుచుకుంది.

"కారడం తగ్గినట్టుందమ్మా. పన్నెండింటికి చూసినప్పుడు ఎంతుందో బకెట్లో ఇప్పుడూ అంతే ఉంది."

నేను తల తిప్పాను.

బకెట్ నిండుగా ఉంది. అంచుకు సమానంగా. చుక్క పడుతూనే ఉంది — చప్పుడే లేదు. పడ్డ చుక్క నీళ్ళలో కలిసి, అంచు మీదుగా సన్నగా జారి, కింద గచ్చు మీద పాకి, బీరువా కిందికి వెళ్ళి, అక్కడ ఉన్న పాత ఫైళ్ళన్నిటినీ తడిపేసింది.

నిండిన బకెట్లో ఎంత పడినా అంతే ఉంటుంది.

నిండిన సీసాలో ఎంత పడినా అంతే ఉంటుంది.

ఆ సీసా మీద ఆఖరి గీత... వంద.

ముప్పయ్యేళ్ళ అనుభవం. వాన ఎప్పుడూ ఇంత గుండ్రటి అంకెలో పడదు. తొంభై ఏడు పడుతుంది, నూట నాలుగు పడుతుంది. మూడుసార్లు సరిగ్గా వంద పడదు. కొత్తగా చేరిన వాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం అదే. మరి నాకెందుకు తట్టలేదు? తట్టనివ్వలేదు. వద్దనుకున్న అంకె వస్తే పదిసార్లు అడుగుతాం. కావాలనుకున్న అంకె వస్తే కుర్చీ వేసి కూర్చోబెడతాం.

ఫోన్ ఎలా కలిపానో తెలియదు.

"గడియారం, సీసా నిండిపోయిందా?"

"నిండిందమ్మా. తొమ్మిదింటి నుంచీ పూర్తిగా నిండుతోంది."

"పొంగిన నీళ్ళు బయటి డబ్బాలో పడతాయి కదా. అవి కొలిచారా?"

"పారబోశానమ్మా. మీరు సీసా చూడమన్నారు. డబ్బా సంగతి ఎప్పుడూ చెప్పలేదు కదా."

నిజం. చెప్పలేదు.

పదకొండేళ్ళ కిందట ఆ పంపుహౌసు వరండాలో కూర్చుని ఆయనకు పని నేర్పింది నేనే. ఒళ్ళో పుస్తకం. పేజీ పేజీ చదివి చెప్పాను. ఒక పేజీ వచ్చింది — సీసా నిండి పొంగినప్పుడు ఏం చేయాలి. అప్పటికే టీ చల్లారింది. కింద రోడ్డు మీద ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. వేలు తడి చేసుకుని ఆ పేజీ తిప్పేశాను.

ఇది మనకక్కర్లేదులెండి. ఈ కొండల్లో సీసా నిండేంత వాన ఎప్పుడు పడింది?

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సు అందుకున్నాను.

ఆ బస్సు తప్పిపోయినా బాగుండేది.

"డబ్బాలో ఎంత ఉండేది గడియారం? గుర్తుందా?"

"సగానికి పైనే ఉండేదమ్మా. ఇందాకైతే రెండు చేతులా ఎత్తి పారబోశాను."

*

లెక్క వేశాను. లెక్క వేయడం వచ్చు కదా నాకు.

తొమ్మిదింటి వంద నూట అరవై అయి ఉంటుంది. పన్నెండింటి వంద రెండు వందలకు దగ్గర. తొమ్మిదింటి నీళ్ళు ఊరికి ఆరు గంటల్లో వస్తాయి. తొమ్మిదికి ఆరు కలిపితే మూడు.

గోడ మీద మూడూ పది.

మా చేతిలో ఉన్న ఆరు గంటలూ పారబోసినట్టే పోయాయి.

పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను. కాగితం చూపించాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. బస్సుల వాళ్ళకు ఫోన్ కలిపాడు. వంతెన మీదికి నీళ్ళొచ్చాయన్నారు. బస్సులు అవతలే ఉండిపోయాయి. ఆయన రిసీవరు పెట్టేసి, రెండు చేతులతో మొహం రుద్దుకుని, ఇంకో నంబరు తిప్పాడు. తర్వాత ఇంకొకటి. పడవలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు. అవతలి వాళ్ళంతా అదే అడుగుతున్నారు.

నేను అక్కకు చేశాను.

మోగింది. ఎత్తింది. వెనక మిషను చప్పుడు ఆగింది. ఇంకా కుడుతోంది... నా మాట మీద.

"అక్కా, మిషను ఎక్కించు."

"వద్దన్నావు కదే."

"తప్పు చెప్పాను. వీధంతటికీ చెప్పు. ఎత్తుకి పోండి. డాబా ఉన్న ఇల్లు ఏదుంటే అక్కడికి. ఇప్పుడే."

"అందుకేనా... మెట్టు మీదికి నీళ్ళొచ్చాయి. మురుగు కాలువ పొంగిందనుకున్నా." గొంతులో కంగారు లేదు. అక్కకు కంగారు రావడం నేనెప్పుడూ చూడలేదు. "సరేలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు. వాన నీ చేతిలో ఉందా ఏమన్నా?"

వాన నా చేతిలో లేదు అక్కా. పేజీ నా చేతిలో ఉంది.

ఆ మాట చెప్పాలనుకున్నాను. చెప్పడానికి టైము లేదనుకున్నాను. నిజం ఏమిటంటే — ధైర్యం లేదు.

"ముందు నువ్వు వెళ్ళక్కా. మిషను వదిలేయ్."

"నేను మిషను ఎక్కిస్తే తప్ప వీళ్ళు కదలరే. నీకు తెలీదా? ఉండు, పక్కింటావిణ్ణి పిలుస్తా, ఒక చెయ్యి పడుతుంది."

సెల్‌ఫోన్ కట్ చేయలేదు. బట్టల మూట మీద పెట్టినట్టుంది. అంతా వినిపించింది. కుర్చీ జరిపిన చప్పుడు. కుంటి కాలు ఈడుస్తూ నడిచిన చప్పుడు, ఆ నడక నేల మీద కాదు, నీళ్ళలో. గుమ్మం దగ్గర ఎవరినో పిలవడం. ఇద్దరు ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి ఏదో ఎత్తడం. చెక్క మీద ఇనుము పడిన చప్పుడు.

ఎక్కింది.

తర్వాత వీధిలోంచి ఒక కేక. అక్కది కాదు. ఇంకో కేక. పరుగులు. ఏదో కూలినట్టు పెద్ద చప్పుడు... ఆ తర్వాత చప్పుడంతా ఒకటే అయిపోయింది. వానా నదీ మనుషులూ వేరువేరుగా వినిపించలేదు.

అక్కా, అన్నాను.

అక్కా.

లైను పోయింది.

*

సాయంత్రం ఆరయింది. కిటికీలో ఉన్న కాస్త వెలుతురూ పోయింది. కరకట్ట వైపు నుంచి ఎవరూ రాలేదు, ఏ కబురూ రాలేదు. వెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాలేదు. పెద్దసారు ఇంకా నంబర్లు తిప్పుతూనే ఉన్నాడు.

ఆరుకు సరిగ్గా ఫోన్ మోగింది. ప్రాణం లేచొచ్చి ఎత్తాను.

గడియారం.

"నూట ఎనభై ఏడు అమ్మా. సీసాలోది వంద, డబ్బాలోది ఎనభై ఏడు. రెండూ కొలిచాను, రెండుసార్లు కొలిచాను."

ఎంత కచ్చితమైన అంకె. ఎంత పనికిరాని అంకె. ఆయన పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు.

"అమ్మా... ముందువి మూడూ నేను తప్పు చెప్పానా?"

పదకొండేళ్ళు ఒక్క పూట తప్పని మనిషి. గట్టు మీద తడిసి ముద్దయి నిలబడి అడుగుతున్నాడు.

"లేదు గడియారం. మీరు సరిగ్గానే చెప్పారు. నేనే నేర్పలేదు."

"గట్టు సగం జారిందమ్మా. తొమ్మిదింటికి డబ్బా ఉంటుందో లేదో."

"కొలవొద్దు. ఎత్తుకి వెళ్ళిపోండి."

"చూస్తానమ్మా," అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. తొమ్మిదింటికి మళ్ళీ గట్టు ఎక్కుతాడు.

తుఫాను చోటు చూశాను. పెన్సిలు తీసుకున్నాను. చుక్క పెట్టడానికి కాగితం లేదు, చిల్లు ఉంది. అందులోనే పెట్టాను. పన్నెండు గంటల్లో కదులుతుందా అని ఎవరైనా అడిగితే ఈసారి ఏం రాయాలో తెలియలేదు. ఎవరూ అడగలేదు.

లేచి మూలకు వెళ్ళాను. బకెట్ రెండు చేతులా ఎత్తితే గానీ లేవలేదు. అంత బరువు. కిటికీ తెరిచి బయటికి పారబోశాను. నీళ్ళు నీళ్ళలో పడ్డాయి. తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాను.

అక్క నంబరు తిప్పి రిసీవరు చెవికి ఆనించుకున్నాను. ఈసారి లైను కలిసింది. అవతల మోగుతోంది. బట్టల మూట మీద మోగుతోందో, బల్ల మీద మిషను పక్కన మోగుతోందో... ఎక్కడో ఒక చోట, నీళ్ళకు పైన, మోగుతోంది.

ఎవరూ ఎత్తలేదు. నేనూ పెట్టలేదు.

వెనకాల ఖాళీ బకెట్లో చుక్క పడింది. నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చింది.

టప్.

టప్.

టప్.

కాసేపటికి తుప్ అంటుంది.

ఆ తర్వాత వినిపించదు.